బడి రిజిస్టరులో పుట్టిన తేదీ

(చిన్న మంగళారంలో ఇచ్చిన స్మారక ఉపన్యాసం)



ఈ సభ ఎవరి జ్ఞాపకంగా జరుగుతున్నదో ఆయన పేరు కరపత్రంలో లేదు. తన పేరు మీద ఏదీ పెట్టవద్దని బతికుండగానే పిల్లలకు చెప్పిపోయారట. ఆ మాట జవదాటకుండా, ఆయన దాచుకున్న సొమ్ములో కొంత ధర్మనిధిగా పెట్టి, ఏటా ఒక ఉపన్యాసం జరిపించాలని కుటుంబం అనుకుంది. కాబట్టి నేనూ చిన్నప్పుడు పిలిచినట్టే సారు అంటాను. మొయినాబాద్, చేవెళ్ళ చుట్టుపక్కల బళ్ళలో ముప్పై ఆరేళ్ళు పనిచేశారు. ఆ మర్రిచెట్ల రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ పోయే సారును ఎరగని ఇల్లు ఈ చుట్టుపట్ల తక్కువ. నాకు భిన్నాలు నేర్పింది ఆయనే.

సారుకు ఒక పట్టుదల ఉండేది. తోటి టీచర్లు దాన్ని చాదస్తం అనేవారు. ఒకటో తరగతిలో పిల్లను చేర్చుకునేటప్పుడు పుట్టిన తేదీ తెలియకపోతే, బడి తెరిచే నెల పట్టుకుని ఐదేళ్ళు వెనక్కి లెక్కేసి రాసేయడం అప్పటి అలవాటు. నా తరం వాళ్ళు ఈ సభలో ఉన్నారు, మీ మీ సర్టిఫికెట్లు తీసి చూసుకోండి. మనలో ఎంతమంది జూన్‌లోనో జూలైలోనో పుట్టామో లెక్క తేలుతుంది. సారు అలా రాయలేదు. ఇంటికి పోయేవారు. గడప ముందు కూర్చుని తల్లినో, అవ్వనో అడిగేవారు. "అవ్వా, పిలగాడు పుట్టినప్పుడు జొన్న కోసిన్రా? బతుకమ్మకు ముందా, వెనకనా? అమాస దగ్గరనా?" పంచాంగం చూసి తేదీ కట్టి, రిజిస్టరులో చివరి గడిలో ఆ తల్లి చెప్పిన ఆనవాలు కూడా చిన్న అక్షరాలతో రాసేవారు.

ఆ చిన్న అక్షరాల విలువ నాకు వకీలునయ్యాక తెలిసింది.

2016 ఎండాకాలం. బుట్టలల్లే ఒక ఎరుకల కుటుంబం నా దగ్గరికి వచ్చింది. కొడుకును సెల్‌ఫోను దొంగతనం కేసులో పట్టుకుపోయారు. ఏ స్టేషనో, ఏ ఊరో ఇక్కడ చెప్పను. కాగితంలో వాడి వయసు 19 అని రాశారు. పెద్దవాళ్ళ జైలుకు పంపారు. పదకొండు రాత్రులు వాడు అక్కడ పడుకున్నాడు. "వాని వయసెంతమ్మా?" అని అడిగితే తల్లి, "నాకేం ఎరక సారూ, పట్నం మునిగిన వానలకు నెల పిల్లగాడు" అంది. హైదరాబాదు మునిగింది 2000 ఆగస్టులో. లెక్క ప్రకారం వాడికి పదహారు కూడా నిండలేదు. కానీ కోర్టులో తల్లి నోటిమాట సరిపోదు. వాడు చదివిన బడి వెతుక్కుంటూ పోయాం. అడ్మిషన్ రిజిస్టరు తీయించాం. 2000 జూలై నెల తేదీ. పక్కన చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: "ఆగస్టు వరదలప్పుడు నెల బిడ్డ అని తల్లి చెప్పినది." ఆ దస్తూరీ ఎవరిదో నాకు వేరే ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

జువెనైల్ జస్టిస్ చట్టం 2015లోని 94వ సెక్షను ప్రకారం వయసు తేల్చడానికి ముందుగా చూడవలసింది బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, లేదంటే పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఇచ్చిన జనన పత్రం. ఏవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఎముకల పరీక్ష అంచనానే తప్ప కచ్చితమైన తేదీ చెప్పదు. అంటే ఒక పిల్లవాడు జైలుకు పోతాడా, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు పోతాడా అన్నది చాలాసార్లు ఒకటో తరగతి టీచరు రాతను బట్టి ఉంటుంది. ఆ పిల్లవాడు బోర్డు ముందుకు వచ్చి, బెయిలు మీద ఇంటికి పోయాడు.

ఆ కేసులో నన్ను వదలని మాట ఇంకొకటి ఉంది. బయటికొచ్చాక పిల్లవాణ్ణి అడిగాను, మొట్టమొదట నిన్ను ఏమడిగారురా అని. ఫోను ఎక్కడిదని అడగలేదట. "మీరు ఏం కులపోళ్ళురా?" అన్నారట.

ఆ ప్రశ్నకు పెద్ద చరిత్ర ఉంది. ఆ ప్రశ్న చట్టమే ఒకప్పుడు అడిగింది.

1871లో తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. ఒక తెగను గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, అందులో పుట్టిన ప్రతివాడి పేరూ పోలీసు రిజిస్టరుకు ఎక్కుతుంది. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. రాత్రిళ్ళు హాజరు వేయించుకోవాలి. మొదట ఉత్తర భారతానికి పెట్టిన ఈ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. 1924లో మరోసారి తిరగరాసి గట్టి చేశారు. మన ఎరుకలవాళ్ళు అలా జాబితాకెక్కిన వాళ్ళే. వాళ్ళు అంతకుముందు చేసిన పని ఏమిటో తెలుసా? గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్ళకు తెచ్చి, ధాన్యంతో మారకం చేసుకునేవారు. రైలొచ్చింది, రోడ్లొచ్చాయి, సర్కారు ఉప్పును తన గుప్పిట్లోకి తీసుకుంది, అడవి చట్టాలు వెదురును, మేతను దూరం చేశాయి. బతుకుదెరువు పోయిన మనుషులు ఊరూరా తిరుగుతుంటే తిరగడమే నేరమన్నారు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఈ సంగతి కాగితాలు తవ్వి మరీ రాశారు. చదువుకున్న పిల్లలు ఆమె పుస్తకం వెతికి చదవండి.

నిజాం రాజ్యంలో మనం దీనికి బయట ఉన్నామనుకోకండి. దక్కన్‌లో సైన్యాలకు ధాన్యం మోసిన లంబాడాలను ఇక్కడా నేరస్థుల కింద జమకట్టారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే భంగ్యా భూక్యా నిజాంల పాలనలో లంబాడాల మీద ఒక గ్రంథమే రాశారు. వికారాబాద్ దారిలో ఉన్న తండాల ముసలివాళ్ళను కదిలించి చూడండి, పటేలు కచేరీలో చేతులు కట్టుకుని నిలబడ్డ తాతల కథలు ఇప్పటికీ చెబుతారు.

పెద్దవాళ్ళను కట్టడి చేయడం ఒక ఎత్తు. నేను ఈ సాయంత్రం మీ ముందు పెట్టదలచుకున్నది పిల్లల సంగతి. 1897లో ఆ చట్టానికి ఒక సవరణ తెచ్చారు. నాలుగేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా మగపిల్లలను తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయి, సంస్కరణ పేరుతో వేరే చోట ఉంచడానికి వీలు కల్పించింది అది. 1924 చట్టంలోని 17వ సెక్షనులో ఆ అధికారం ఇంకా పదిలంగా ఉంది. ఆరేళ్ళు దాటిన పిల్లలెవరినైనా పారిశ్రామిక బడిలోనో, వ్యవసాయ బడిలోనో, సంస్కరణ బడిలోనో పెట్టవచ్చు. పిల్ల ఏదైనా నేరం చేసిందా లేదా అన్న విచారణ అక్కర్లేదు. ఆ ఇంట్లో పుట్టడమే కారణం.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఇలా పుట్టిందే. 1913 ప్రాంతంలో ముక్తిఫౌజు అనే క్రైస్తవ సంస్థ చేతికి, జాబితాకెక్కిన కుటుంబాలను కట్టడిలో ఉంచడానికి అప్పగించిన సెటిల్‌మెంటు అది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్‌మెంటు ఉండేది. కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకొకటి. సెటిల్‌మెంటు మనుషులు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. కట్టడిలో ఉన్న కూలీ కంటే నమ్మకమైన కూలీ ఏ యజమానికి దొరుకుతాడు? పిల్లలకు బడులు, హాస్టళ్ళు పెట్టారు. అక్షరాలు నేర్పారు, నేర్పలేదని నేను అనను. ఆ బడుల్లో చదివి పైకొచ్చిన వాళ్ళూ ఉన్నారు. కానీ ఆ మంచి వెనక నిలబడ్డ నమ్మకాన్ని చూడండి. నీ అమ్మ ఒడి నీకు చెడ్డచోటు, అక్కణ్ణుంచి నిన్ను లాగితేనే నువ్వు మనిషివవుతావు. ఆ నమ్మకంతోనే నాకు పేచీ.

ఇప్పుడు సముద్రం దాటి ఆస్ట్రేలియాకు పోదాం. ఎందుకంటే అదే ప్రభువులు, అవే సంవత్సరాల్లో, అదే పని అక్కడా చేశారు.

1869లో విక్టోరియా వలస ప్రభుత్వం ఒక రక్షణ చట్టం చేసింది. ఆదివాసీలు ఎక్కడ ఉండాలో, వాళ్ళ పిల్లలు ఎవరి కాపుదలలో పెరగాలో సర్కారే నిర్ణయిస్తుంది. మన 1871 చట్టానికి రెండేళ్ళ ముందు. 1897లో క్వీన్స్‌లాండ్ ఆదివాసీలను రిజర్వులకు తరలించే చట్టం చేసింది. మన దగ్గర నాలుగేళ్ళ పిల్లలను విడదీసే సవరణ వచ్చిన ఏడే అది. 1905లో పడమటి ఆస్ట్రేలియాలో పదహారేళ్ళలోపు ఆదివాసీ బిడ్డలందరికీ చట్టం ప్రకారం సంరక్షకుడు ఒక ప్రభుత్వోద్యోగి అయ్యాడు. కన్నతల్లి బతికే ఉంది, బిడ్డ ఆమెది కాదు. 1915లో న్యూ సౌత్ వేల్స్‌లో కోర్టు గడప తొక్కకుండానే బిడ్డను ఎత్తుకుపోయే అధికారం అక్కడి రక్షణ బోర్డుకు దక్కింది. అలా పోయిన పిల్లలను ఆ దేశంలో అపహృత తరాలు అంటారు. 1997లో జాతీయ విచారణ నివేదిక వచ్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి దేశం తరఫున క్షమాపణ చెప్పారు.

క్షమాపణతో జైలు తలుపులు తెరుచుకోలేదు. అక్కడ పది నుంచి పదిహేడేళ్ళ పిల్లల్లో ఆదివాసీలు, టోరెస్ జలసంధి ద్వీపవాసులు నూటికి ఆరుగురు. నిర్బంధ కేంద్రాల్లో మాత్రం సగానికి మించి వాళ్ళే. ఉత్తర భూభాగంలో కొన్ని రోజుల్లో తాళం వెనక ఉన్న ప్రతి పిల్లవాడూ ఆదివాసీయే. 2016 జూలైలో డార్విన్‌లోని డాన్ డేల్ సహా అక్కడి నిర్బంధ కేంద్రాల దృశ్యాలు ఆ దేశ ప్రభుత్వ టీవీలో వచ్చాయి. తలకు ముసుగు వేసి, కుర్చీకి పట్టీలతో బిగించిన ఒక కుర్రవాడు. మర్నాడే రాయల్ కమిషన్ అనే విచారణ సంఘాన్ని వేస్తామన్నారు. 2017 నవంబరులో కమిషన్ డాన్ డేల్ కేంద్రాన్ని మూసేయమంది, పిల్లల మీద నేరం మోపే వయసును పది నుంచి పన్నెండుకు పెంచమంది. ఉత్తర భూభాగంలో ఆరేళ్ళ తర్వాత, 2023లో పెంచారు. 2024 ఆగస్టు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, అక్టోబరులో మళ్ళీ పదికి దించారు. ఏళ్ళ తరబడి తల్లులూ, నాయనమ్మలూ, ఆదివాసీ న్యాయ సేవా సంఘాలూ వీధిలో నిలబడి సాధించింది పదిహేను నెలలు కూడా నిలవలేదు. వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఆదివాసీల కస్టడీ మరణాల మీద అక్కడ 1987లో వేసిన రాయల్ కమిషన్ 99 మంది చావులను ఒక్కొక్కటిగా విచారించి 1991లో నివేదిక ఇచ్చింది. ఆ 99 మందిలో 43 మంది చిన్నప్పుడు ఇంటి నుంచి విడదీయబడ్డవాళ్ళు. బాగుచేస్తామని తీసుకుపోయిన పిల్లలు చివరకు లాకప్పుల్లో, జైళ్ళలో చనిపోయారు. ఈ ఒక్క అంకె చాలు, విడదీయడం గురించి నేను చెప్పదలచుకున్నదంతా అందులో ఉంది.

మన పిల్లలు ఇప్పుడు మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ సభలోనే అలాంటి కొడుకులున్న తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ళతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఇది కూడా అడగండి. ఆ నేల అసలు సొంతదారుల పిల్లలు ఎక్కడున్నారు బిడ్డా అని.

మన దగ్గరికి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చాక అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన వేసిన కమిటీ నేరస్థ తెగల చట్టాన్ని ఎత్తేయమంది. 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ చట్టం నుంచి బయటపడి విముక్త జాతులు అనిపించుకున్నవాళ్ళు ఆ రోజును ఇప్పటికీ పండగలా జరుపుకుంటారు. అంటే మన జెండా ఎగిరిన ఐదేళ్ళ పదహారు రోజులకు వాళ్ళకు స్వాతంత్ర్యం వచ్చింది. అదైనా పూర్తిగానా? మద్రాసు ప్రభుత్వం 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ 1962లో తనది తాను చేసుకుంది. కులం పేరు తీసేసి మనిషి పేరు రాశారు, కానీ ఆ రిజిస్టరులోకి ఎక్కేది ఎక్కువగా ఎవరో స్టేషను గోడ మీది ఫోటోలు చూస్తే తెలిసేది. ఇటీవలే, 2024 అక్టోబరు 3న, జర్నలిస్టు సుకన్యా శాంత వేసిన పిటిషను మీద సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కులాన్ని బట్టి జైల్లో పని పంచే నిబంధనలు, సంచార జాతులనూ విముక్త జాతులనూ పుట్టుకతో నేరస్థులుగా చూసే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. కొట్టేయాల్సి వచ్చిందంటే డెబ్భై ఏళ్ళుగా ఆ మాటలు జైలు పుస్తకాల్లో ఉన్నట్టే గదా.

సినిమాలు కూడా పాపం మూటగట్టుకున్నాయి. 1991లో ఒకే ఏడాది స్టువర్టుపురం పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. ఆ ఊరి పిల్ల బాపట్లలో కాలేజీకి పోయి ఊరి పేరు చెబితే పక్కవాళ్ళు సంచి దగ్గరికి లాక్కునే పరిస్థితి ఉంటే, ఆ పిల్ల ఎలా చదువుతుంది? అదే ఊళ్ళో 1970ల నుంచి హేమలతా లవణం, లవణం దంపతులు ఏళ్ళ తరబడి మకాం వేసి, ఇంటింటికీ తిరిగి, కేసులున్న కుటుంబాల పిల్లలను బడికి చేర్చారు. ఆమె కవి జాషువా గారి బిడ్డ, ఆయన నాస్తికవాది గోరా గారి కొడుకు. వాళ్ళు ఆ మనుషులను విడదీయలేదు. ఆ మనుషుల మధ్యకు పోయి బతికారు. సినిమా గుర్తున్నంతగా ఆ పని మనకు గుర్తులేకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

పిల్లల విషయంలో కాగితం మీద మన చట్టం మంచిదే. ఏడేళ్ళలోపు పిల్లల పని నేరం కాదని పాత శిక్షాస్మృతి అన్నది, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ ఏడు దగ్గరే ఆగిపోయింది. కనీసం పద్నాలుగు ఉండాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లో చెప్పింది. ఆ లెక్కలో మనం ఆస్ట్రేలియా కంటే వెనకే. అయినా పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు వేరే చట్టం ఉంది. లాకప్పులో పెట్టరాదు, జైలుకు పంపరాదు, 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. నేరం ఎలాంటిదైనా బెయిలే మామూలు పద్ధతి, ఆపడానికే గట్టి కారణం చూపాలి. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం. చిన్నాచితకా కేసులకు ఎఫ్‌ఐఆర్ కట్టనే కూడదు. ప్రతి స్టేషనులో పిల్లల కోసం ఒక అధికారి ఉండాలి, అతను యూనిఫాం లేకుండా మాట్లాడాలి. ఇవన్నీ ఉండి కూడా, 2016 నుంచి 2021 దాకా ఈ దేశంలో 9,681 మంది పిల్లలు పెద్దల జైళ్ళలో ఉన్నట్టు సమాచార హక్కు కింద వచ్చిన జవాబుల నుంచి ఒక అధ్యయనం లెక్క తీసింది. జవాబిచ్చిన జైళ్ళ మేరకే ఈ లెక్క. నా ఎరుకల పిల్లవాడు వాళ్ళలో ఒకడు. వాళ్ళలో చాలామంది ఎవరో ఒకరు కాగితంలో తప్పు వయసు రాసినందుకు లోపలికి పోయినవాళ్ళు.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. చెప్పకుండా దాటిపోతే సారు ముందు నిలబడే అర్హత నాకుండదు. 2019 నవంబరులో మన జిల్లాలోనే, శంషాబాద్ దగ్గర ఒక ఆడబిడ్డ మీద జరిగిన అత్యాచారం, హత్య మీకందరికీ తెలుసు. ఆ తల్లిదండ్రుల కడుపుకోతకు ఎవరి దగ్గరా మందు లేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. ఆ రోజు మన ఊళ్ళలో మిఠాయిలు పంచారు. నేనూ ఆ రోజు నోరు విప్పలేదు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ బడి రికార్డులు తెప్పించి చూసి, ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళని తన నివేదికలో రాసింది. ఆ నివేదిక మీద హైకోర్టులో వాదనలు నడిచాయి, వాటి జోలికి నేను పోను. వయసు సంగతి ఒక్కటే అడుగుతున్నాను. పది రోజుల పాటు టీవీలు, పేపర్లు, మనమూ ఆ పేర్లు పలికాం, ఊళ్ళు చూపాం, కులాలు వెతికాం. వాళ్ళ బడి రిజిస్టరు తెరిచి చూడమని ఒక్కరమైనా అడిగామా?

పదహారు దాటిన కుర్రవాడు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాడిలా విచారించవచ్చని 2015 చట్టం తలుపు తెరిచింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాతి కోపంలో వచ్చిన మార్పు అది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. ఘోరం చేసిన పిల్లవాణ్ణి ఊరికే వదిలేయమని నేను అనడం లేదు. వాడికి జవాబుదారీ నేర్పాలి, బాధితుల ముందు తలవంచేలా చేయాలి, అవసరమైతే కొంతకాలం కట్టడిలో ఉంచాలి. కానీ కోర్టుకు వచ్చే పిల్లల్లో అలాంటివాళ్ళు కొద్దిమంది. మిగతా అందరివీ ఫోన్లు, సైకిళ్ళు, ఇనప తుక్కు, గొడవలు, లైసెన్సు లేని బండ్ల కేసులే. ఆ కొద్దిమందిని చూపించి మిగతా అందరికీ తాళం వేస్తున్నాం.

తాళం లేకుండా ఏం చేస్తామంటారా? బర్క్ అనే చిన్న ఊరు ఉంది, న్యూ సౌత్ వేల్స్‌లో. అక్కడి ఆదివాసీలు మరంగుక అనే ప్రయత్నం మొదలుపెట్టారు. ఇతరుల బాగోగులు చూసుకోవడం అని వాళ్ళ భాషలో అర్థం. రోజూ పొద్దున్నే పోలీసులు, టీచర్లు, ఆరోగ్య కార్యకర్తలు, ఊరి పెద్దలు కూర్చుని, నిన్న రాత్రి ఏ పిల్ల ఎక్కడ ఇబ్బంది పడింది, ఇవాళ ఎవరు ఆ ఇంటికి పోవాలి అని పంచుకున్నారు. లైసెన్సు లేకుండా బండి నడిపినందుకే కుర్రవాళ్ళు కేసుల్లో చిక్కుతున్నారని గమనించి, డ్రైవింగు నేర్పించి లైసెన్సులు ఇప్పించారు. 2018లో కేపీఎంజీ సంస్థ లెక్క తీస్తే, పిల్లల మీద ఎక్కువగా పెట్టే ఐదు రకాల కేసులు 38 శాతం తగ్గాయి, పన్నెండో తరగతి దాకా బడిలో నిలిచేవాళ్ళు 31 శాతం పెరిగారు.

ఇది దూరదేశపు వింత అనుకోకండి. ఇలాంటి పని ఈ జిల్లాలోనే జరిగింది. 1991లో రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు పటేళ్ళ దగ్గర జీతానికి ఉన్న పిల్లలు ఎంతమందో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. బర్రెలు కాసేవాళ్ళు, పూలతోటల్లో కోతకు పోయేవాళ్ళు. బీదవాళ్ళ పిల్లలు పనిచేయకపోతే ఎట్లా తింటారు అని అందరం అనేవాళ్ళం. ప్రొఫెసర్ శాంతాసిన్హా, ఆమెతో నడిచిన ఊరి యువకులు ఒక్కటే మాట పట్టుకున్నారు, బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్న పిల్లే అని. ఇంటింటికీ పోయి తల్లిదండ్రులను అడిగారు, జీతం ఇచ్చే పటేలును అడిగారు, క్యాంపుల్లో చదువు అందుకునేలా చేసి బళ్ళకు పంపారు. పోలీసు సాయంతో పిల్లలను ఇళ్ళ నుంచి లాక్కుపోలేదు. ఊరే ఒప్పుకునేలా చేశారు. తర్వాత శాంతాసిన్హా 2003లో మెగసెసే అందుకున్నారు, జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు. సారు ఆ రోజుల్లో సాయంత్రాలు ఆ పిల్లల ఇళ్ళ చుట్టే తిరిగేవారు. జీతగాడిగా ఉన్న పిల్లవాణ్ణి బడికి తెచ్చి, రిజిస్టరులో పేరు రాసి, తల్లిని అడిగి తేదీ కట్టేవారు.

కాబట్టి ఈ ఊరిని నేను అడిగే పని కొత్తది కాదు. ఒకసారి చేసిన పనే.

బడికి రాకుండా తిరిగే పిల్లల జాబితా ఊరి దగ్గర ఉండాలి, ఠాణా దగ్గర కాదు. ఊరి చివర గుడిసెలు వేసుకున్న బుట్టలల్లేవాళ్ళు, పూసలమ్మేవాళ్ళు, ఇటుకబట్టీలకు వచ్చిన వలస కుటుంబాలు, వాళ్ళ పిల్లలను కూడా మన పిల్లల లెక్కలో కలపండి. ఏ పిల్లవాణ్ణైనా పోలీసులు పట్టుకుపోతే, వాడు ఏం చేశాడన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇద్దరు పెద్దమనుషులు స్టేషనుకు పోయి వాడి వయసు చెప్పండి. 1098కి ఫోను చేయండి, అది పిల్లల హెల్ప్‌లైను. 15100కి చేస్తే న్యాయసేవ వకీలు ఉచితంగా దొరుకుతాడు. వకీళ్ళకు నా మనవి, రిమాండు కాగితంలో 19 అని ఉంటే అలాగే సంతకం పెట్టి పంపకండి. వాణ్ణి ఒకసారి తేరిపార చూడండి. వాడు చదివిన బడి పేరు అడగండి.

చివరగా ఇక్కడున్న టీచర్లకు. జూన్‌లో బడి తెరుస్తారు. ఒకటో తరగతికి వచ్చే ప్రతి పిల్ల తల్లినీ కూర్చోబెట్టి అడగండి. జనన పత్రం ఉంటే అందులోది రాయండి, లేకుంటే పంచాయతీలో నమోదు చేయించి తెప్పించండి. తొందరలో జూన్ ఒకటి అని రాయకండి. సారు రాసిన పాత అడ్మిషన్ రిజిస్టర్లు కొన్ని ఇంకా బీరువాల్లో ఉన్నాయి, చెద పట్టకముందే తీసి ఎండకు వేయండి. ఏ పిల్లవాడి కోసం ఏ తల్లి వస్తుందో మనకు తెలియదు.